రెండుసార్లు చదివిన పేరు

నేను ఒక మైకును. శేషారత్నం ఈ ఊళ్ళో తన పేరు పోగొట్టుకున్న రోజున ఆ పేరును నాలుగు వీధులకూ మోసుకెళ్ళింది నేనే.

ఆ రోజు గ్రామసభ. పొద్దున పదిన్నర దాటింది. పంచాయతీ ఆఫీసు వరండాలో నన్ను స్టాండుకు బిగించారు. డాబా మీద నాలుగు దిక్కులకూ నాలుగు గొట్టాలు కట్టారు. పింఛన్ల జాబితా చదవాలి. కార్యదర్శికి గొంతు పట్టేసింది. ఆయన కాగితాల కట్టను హైస్కూలు తెలుగు మాస్టారు లింగేశ్వరరావు గారి చేతిలో పెట్టి, "మీరు చదవండి మాస్టారూ. మీ నోట వింటే చెవిటోడికి కూడా అర్థమవుద్ది" అన్నాడు.

అది ముఖస్తుతి కాదు. ఇరవై ఆరేళ్ళు పిల్లలకు డిక్టేషన్ చెప్పిన గొంతు అది. ఒత్తు ఎక్కడుండాలో అక్కడ ఉంటుంది. ఏ వాక్యమైనా ఆయన రెండుసార్లు చదువుతారు, మొదటిసారి పిల్లలు రాసుకోవడానికి, రెండోసారి రాసింది సరిచూసుకోవడానికి. బడి బయటికి వచ్చినా ఆ అలవాటు ఆయనను వదలలేదు. పెళ్ళిపత్రిక చదివినా రెండుసార్లే.

వృద్ధులు అన్నారు. పేర్లు చదివారు, మళ్ళీ చదివారు. "ఒరే కోటయ్యా, నీకు అప్పుడే అరవై నిండినయ్యా? మొన్నటిదాకా సంబంధాలు చూసుకుంటివి గదరా!" అని ఎవరో అరిచారు. జనం నవ్వారు. వితంతువులు, చేనేతవారు, వికలాంగులు. అన్నీ రెండుసార్లు. కట్టలో చివరి కాగితం మీద ఒక్కటే పేరు ఉంది. ఆ కాగితం ఆ కట్టలో ఉండకూడనిది. ఎవరు పెట్టారో ఈ రోజుకీ తేలలేదు. మాస్టారు పైనున్న శీర్షిక కూడా వదలకుండా చదివారు.

"హెచ్.ఐ.వి. సోకి మందులు వాడుతున్నవారు. గుంజి శేషారత్నం, భర్త కీర్తిశేషులు ఏడుకొండలు."

ఆ తర్వాత ఆయన ఊపిరి ఒకటి నా ఇనప జాలీకి తగిలింది. ఏం చదివారో ఆయనకు అర్థమైందని ఆ ఊపిరితోనే నాకు తెలిసింది. వరండాలో అప్పటికే ఎవరూ దగ్గడం లేదు.

అయినా రెండోసారి చదివారు.

మొదటిసారి చదివింది ఆయన కళ్ళు, రెండోసారి చదివింది అలవాటు అనుకుని నేను కొన్నేళ్ళు సర్దిచెప్పుకున్నాను. ఆయనను తప్పించడానికి కాదు, నన్ను తప్పించుకోవడానికి. మామూలుగా నేను అంత మంచిదాన్ని కాను. గొట్టం కాస్త ఇటు తిరిగితే చాలు, చెవులు చిల్లులు పడేలా కూత కూస్తాను. పెళ్ళిళ్ళలో పురోహితుడి మంత్రం మీద కూశాను. ఎన్నికల్లో నాయకుడి హామీ మీద కూశాను, దానికి జనం చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు మాత్రం వైరు కొత్తది, గొట్టాలు సరైన దిక్కుకు ఉన్నాయి. ఒక్క కూత కూసి ఉంటే రెండోసారి ఎవరికీ వినపడేది కాదు. కూయలేదు. నా జన్మలో నేను అంత శుభ్రంగా పనిచేసిన రోజు ఇంకొకటి లేదు.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఏదో ఊళ్ళో ఒక చిన్న కార్ఖానాలో, వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు నాకు తీగలు అతికించారు. తలకు జాలీ తొడిగారు. ఆ జాలీ వెనక ఉల్లిపొర కంటే పల్చని పొర ఒకటి ఉంది. మనుషుల మాట వచ్చి దానికి తగిలితే అది వణుకుతుంది. నా ప్రాణమంతా ఆ వణుకే. నాకు చూపు లేదు. అందుకని విన్నదీ, నాకు తగిలిందీ మాత్రమే చెబుతాను.

బెజవాడ దుకాణంలో నన్ను కొన్నవాడు నాగూర్ మీరా. ఈ ఊళ్ళో మైకుసెట్టు అతనిది. మనుషులు బతికున్నవాళ్ళను పలకరిస్తారు, నన్ను మాత్రం తల మీద కొట్టి, మొహాన ఉఫ్ఫని ఊది, "హలో, హలో" అని అడుగుతారు. నేను బదులివ్వను. వాళ్ళ గొంతే వాళ్ళకు తిరిగి వినపడుతుంది, దానికే తృప్తిపడతారు. రామనవమికీ పీర్ల పండక్కీ చర్చి మహాసభలకూ నేనే. "మతం నాకుంది, నా సెట్టుకు లేదు" అని మీరా అంటుంటాడు.

నా మెడ దగ్గర ఒక స్విచ్చి ఉంది. దాన్ని ఆపితే మాట గొట్టాల దాకా పోదు. కానీ నా పొర కదలక మానదు. ఈ సంగతి మనుషులకు తెలియదు. స్విచ్చి ఆపగానే నేను చచ్చిపోయాననుకుని, అసలు మాటలు అప్పుడు మొదలుపెడతారు.

మీరాకు ఒక ఆటో కూడా ఉంది. జనం ఎక్కితే జనాన్ని ఎక్కించుకుంటుంది. ఎవరైనా పోతే దాని పైన గొట్టం కట్టి, వీధి వీధి తిరిగి కబురు చెబుతుంది. నేను సీటు పక్కన పెట్టెలో ఉంటాను. అలా పెట్టెలో ఉండి విన్న ఒక సంగతి ఇక్కడ చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

లింగేశ్వరరావు మాస్టారికి ఒక తమ్ముడు ఉండేవాడు. పేరు భాస్కరం. అన్నకంటే పన్నెండేళ్ళు చిన్న. పెళ్ళి కాలేదు. రొయ్యల మేత కంపెనీలో పని, మోటారు సైకిలు మీద చెరువులన్నీ తిరిగేవాడు. సెలవుల్లో ఊళ్ళో కబడ్డీ పోటీలు పెడితే వ్యాఖ్యానం అతనిదే. నన్ను పట్టుకున్న చేతుల్లో నాకు బాగా ఇష్టమైన చెయ్యి అది. "వచ్చాడు, గీత తొక్కాడు, తాకాడు, అమ్మో, కాలు దొరికింది! దొరికిపోయాడు మన అల్లుడు!" అని అరుస్తుంటే, పోటీకి రాని ముసలివాళ్ళు కూడా అరుగుల మీద కూర్చుని వినేవాళ్ళు. అన్న ఒక మాట రెండుసార్లు చెబితే, తమ్ముడు ఒక ఊపిరిలో పది మాటలు చెప్పేవాడు.

తర్వాత అతని దగ్గు మొదలైంది. ఒక పొద్దున మీరా అతన్ని ఆటోలో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆటో గేటు దగ్గర ఆగింది. ఇంజను ఆపలేదు. చాలాసేపు ఎవరూ దిగలేదు.

"దిగు బాబూ. కార్డు రాయించుకుంటే మందులు ఊరికే ఇస్తారంట" అన్నాడు మీరా.

"ఆ వరసలో చూడన్నా. మన ఊరోళ్ళు. ఏడుకొండలూ, వాళ్ళావిడా."

"ఉంటే ఏం? వాళ్ళూ మందుకే గదా వచ్చింది!"

"ఆమె ఇటే చూస్తంది. తిప్పన్నా. నీకు దణ్ణం పెడతా, తిప్పు."

మీరా ఆటో తిప్పాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ గేటు దగ్గరికి వెళ్ళలేదు. మాస్టారికి అన్నీ తెలుసు. తమ్ముణ్ణి ఇంటి వెనక గదిలో పడుకోబెట్టి, ఎవరైనా అడిగితే టైఫాయిడ్ అన్నారు, ఆ తర్వాత కామెర్లు అన్నారు. ఏడు నెలలకు భాస్కరం పోయాడు. కబురు చెప్పడానికి ఆటోకు గొట్టం కట్టారు. మాస్టారు తానే చెబుతానని ఎక్కి కూర్చున్నారు.

మీరా మెల్లగా అడిగాడు. "జబ్బు ఏందని చెప్తారు మాస్టారూ?"

స్విచ్చి ఇంకా వేయలేదు. అందుకని ఆ మౌనం మీరాకూ నాకూ మాత్రమే తెలుసు.

"కామెర్లు" అన్నారు మాస్టారు. స్విచ్చి వేశారు. "మన గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా..." ప్రతి మూలా రెండుసార్లు చెప్పారు. కామెర్లు అన్న మాట కూడా రెండుసార్లే.

ఆరేళ్ళ తర్వాత అదే గొంతు శేషారత్నం పేరు చదివింది. ఒకే గొంతులోంచి రెండు కబుర్లు నేను మోశాను. ఒకటి అబద్ధం, అది ఇంటివాణ్ణి కాపాడింది. రెండోది నిజం, అది పరాయిదాన్ని బజారులో నిలబెట్టింది. రెండింటినీ నేను ఒకే శ్రద్ధతో మోశాను.

శేషారత్నం ఇల్లు మీరా మైకుసెట్టు గదికి ఎదురుగా ఉంటుంది. మొగుడు ఏడుకొండలు బోరుబండి మీద పనిచేసేవాడు, జబ్బు ముదిరాక గాని ఆసుపత్రికి పోలేదు, మందు మొదలుపెట్టిన మూడు నెలలకే పోయాడు. ఆమె మందులు వాడుకుంటూ, వరండాలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పొద్దున ఎనిమిది నుంచి పొద్దు వాలేదాకా ఆ మిషను చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది. గ్రామసభ రోజు సాయంత్రం మీరా భార్య ఖాజాబీ గదిలోకి వచ్చి చెప్పింది. "మాస్టారు మొదటిసారి చదివినప్పుడు రత్నం మిషను ఆగిందయ్యా. తప్పుగా విన్నాననుకుందేమో, మళ్ళా తొక్కబోయింది. రెండోసారి చదివారు. ఇంక తొక్కలా."

మర్నాటి నుంచి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. కుట్టించుకోవడానికి కాదు. ఈ ఊళ్ళో ఎవరూ జాకెట్టుకు టేపు పెట్టి కొలతలు ఇవ్వరు. సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తారు, దాన్ని ఆది జాకెట్టు అంటారు. నమ్మకమైన దర్జీ దగ్గర ఆది జాకెట్టు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. శేషారత్నం దగ్గర ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ ఒళ్ళు అలా మడతపెట్టి ఉండేది. వాటిని వెనక్కి తీసుకుపోవడానికి వచ్చారు.

ఎవరూ అసలు మాట అనలేదు.

"మా చెల్లెలు పట్నంలో కుట్టిస్తానందమ్మా, ఆది ఇయ్యి."

"ఒళ్ళొచ్చింది రత్నం, అది ఇప్పుడు పట్టదు. ఊరికే ఇంట్లో ఉంటదిలే అని."

"నువ్వు విశ్రాంతి తీసుకోవాలిగా తల్లీ."

ఒకామె మాత్రం వీధిలోనే నిలబడి, "అట్టా పిట్టగోడ మీద పెట్టు, నే తీసుకుంటా" అంది. అంతకుముందు ఆ పిట్టగోడ మీదే కూర్చుని శేషారత్నం చేతి టీ తాగిన మనిషి. సూదితో కుట్టే పని కదా, సూది గుచ్చుకుంటే నెత్తురు, నెత్తురంటితే జబ్బు అని వీధి చివర లెక్క తేల్చేశారు. చదువుకున్నవాళ్ళు కూడా ఆ లెక్క తప్పని చెప్పలేదు. వారం తిరిగేసరికి మిషను చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఎదురు గదిలో, అరమీద, ఆ నిశ్శబ్దాన్ని రెండు నెలలు విన్నాను. నేను చేసిన చప్పుడుకు అది జవాబు.

ఆమె ఊరు వదిలిపోతుందని అందరూ అనుకున్నారు. పట్నంలో బట్టల కార్ఖానాలో పని చూసుకుందని ఖాజాబీ కూడా చెప్పింది. ఒక మధ్యాహ్నం శేషారత్నం తానే మీరా గదికి వచ్చింది.

"మీరా అన్నా, నీ ఆటో, మైకూ రేపు పొద్దున ఒక పూట నాకియ్యాల."

"దేనికమ్మా? ఎవరన్నా పోయారా?"

"అందరూ నేను పోయాననే గదా అనుకుంటంది. నా కథ ఈ ఊళ్ళో నాలుగు రకాలుగా నడుస్తందన్నా. ఒకళ్ళు నేను లేచిపోయొచ్చానంటారు, ఒకళ్ళు మొగుడికి నేనే అంటించానంటారు. అయిదోది నేను చెప్తా. అందరివీ విన్నారుగా, నాదీ ఒకటి వింటారు."

"పంచాయతీలో చెప్పొచ్చుగా."

"పంచాయతీకి వచ్చేది ముప్పై మంది. నా పేరు విన్నది ఊరంతా. ఎందులోంచి పోయిందో అందులోంచే రావాలన్నా." కాస్త ఆగి, "తర్వాత పోతే పోతా ఊళ్ళోంచి. చెప్పకుండా మాత్రం పోను" అంది.

మీరా నా వైరు తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఒప్పుకున్నాడని నాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు ఆటో బయల్దేరింది. ఆ వేళకు గొట్టం కట్టిన ఆటో వచ్చిందంటే ఎవరో పోయారని అర్థం. ఎవరా అని జనం చేతుల్లో పనులు వదిలేసి వాకిళ్ళలోకి వచ్చారు. ఆమె వేళ్ళు నా మెడ చుట్టూ బిగుసుకున్నాయి. ఆ వేళ్ళ చివర్లు సూది పోట్లతో గరుకుగా ఉన్నాయి.

"మన గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, గుంజి శేషారత్నం అనబడే నేను ఇంకా చావలేదు."

వీధి ఒక్కసారి గతుక్కుమంది. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"నాకు జబ్బు ఉన్నమాట నిజం. మాస్టారు చదివింది నిజమే. మా ఆయన బోరుబండి మీద పోయి తెచ్చాడు, తెలియక నాకిచ్చాడు. తెలిసినాక ఏడ్చాడు, పోయాడు. నేను ఆరేళ్ళ నుంచి రోజూ మాత్ర వేసుకుంటన్నా. ఈ ఆరేళ్ళూ మీ అందరి జాకెట్లూ కుట్టా. ఎవరికన్నా ఏమన్నా వచ్చిందేమో చెప్పండి. సూది గుచ్చుకుంటే నా వేలికి గుచ్చుకుద్ది. మీ గుడ్డకి జబ్బు రాదు, దానికి నెత్తురు లేదు."

రెండో మూలలో ఒక ముసలాయన గొంతు అడ్డం వచ్చింది. "మొగుడు ఊళ్ళు తిరిగాడు సరే. నువ్వు యాడ తిరిగావో ఎవరు చూశారు?"

"నేను తిరిగింది మీ ఇళ్ళకే గదా బాబాయ్, కుట్టిన జాకెట్లు ఇయ్యటానికి. మీ ఇంటికీ వచ్చా. ఎన్నిసార్లు వచ్చానో పిన్నిని అడుగు."

ఈసారి వీధి బాహాటంగా నవ్వింది. ఆ నవ్వు ఆమె మీద కాదు. అప్పటిదాకా ఆమె గొంతులో ఉన్న వణుకు ఆ నవ్వుతో తగ్గింది. ఆ తేడా నా పొరకు తెలుసు.

మూడో మూల మాస్టారి ఇల్లు. చెప్పకుండానే మీరా అక్కడ ఆటో ఆపాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు లేదు. కిటికీ రెక్క ఒకటి కిర్రుమంది.

"మాస్టారు గారి మీద నాకు కోపం లేదు" అంది శేషారత్నం. "ఉండాల్సినంత ఉండింది, అయిపోయింది. ఆయన నా పేరు రెండుసార్లు చదివారు. నేను ఒక్కసారే చెప్తా. మందు ఉంది. వరసలో నిలబడితే ఇస్తారు. ఆ వరసలో నిలబడటానికి సిగ్గుపడి గేటు దగ్గర నుంచే బండి తిప్పుకుని పోయినోళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. నేను చూశా. వాళ్ళు ఇయ్యాళ లేరు, నేనున్నా. వాళ్ళ పేర్లు మాత్రం నేను చెప్పను. పేరు చెప్తే ఏమైద్దో నాకు తెలుసు గదా."

మీరా ఇంజను ఆపేశాడు. ఎందుకు ఆపాడో నాకు తెలియదు. తర్వాత ఆటో నాలుగో వీధికి కదిలింది.

ఆమె ఆరేళ్ళుగా ఒక పేరును దాచింది. ఆ పేరు ఉన్న ఇంటి మనిషి నోటి నుంచే ఆమె పేరు బయటపడింది. అయినా దాచింది. నాలాంటి వస్తువుకు ఆ నిగ్రహం అర్థం కాదు. మా పని విన్నది విన్నట్టు విసిరేయడమే.

తొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. పదో రోజు పొద్దున ఎదురు వరండాలో ఖాజాబీ గొంతు వినపడింది.

"ఏం వదినా, షాపు తెరిచే ఉందా? ఇదిగో ఆది. రంజానుకు రెండు కుట్టాల."

"నిజంగా కుట్టించుకోవటానికేనా, జాలి పడొచ్చావా?"

"జాలా? పోయినసారి చంకల కింద ఎట్టా బిగించావో గుర్తుందా? చెయ్యెత్తితే పిగిలింది, నలుగురిలో నా పరువు పోయింది. ఆ లెక్క తేల్చుకోవాలని వచ్చా. మా ఆయన మైకిచ్చె, నేను జాకెట్టియ్యకపోతే ఊళ్ళో నా మాట చెల్లుద్దా?"

మిషను కదిలింది. తుప్పుపట్టినట్టు ఒకసారి ఏడ్చి, దారిలో పడింది. తర్వాత రెండు నెలల్లో ఇంకో ఏడెనిమిది మంది వచ్చారు. ఆ ముసలాయన భార్య కూడా వచ్చింది. అందరూ రాలేదు. పిట్టగోడ మీద పెట్టమన్న ఆమె ఈ రోజుకీ రాలేదు. శేషారత్నం మాత్రం ఊరు వదల్లేదు.

డిసెంబరు ఒకటో తేదీన, ఎయిడ్స్ దినమని, హైస్కూల్లో సభ పెట్టారు. శేషారత్నాన్ని పిలిచారు. ఆమె పిల్లలకు పది నిమిషాలు చెప్పింది. ఒక ఆడపిల్ల లేచి, "మాత్ర చేదుగా ఉంటదా అత్తా?" అని అడిగింది. "చేదు కాదమ్మా, లావు. గ్లాసుడు నీళ్ళు కావాల" అంది ఆమె. పిల్లలకు అంతకు మించి సందేహాలు లేవు.

తర్వాత సర్పంచి లేచారు. నా దగ్గరికి వచ్చి ఒక క్షణం తటపటాయించారు. జేబులోంచి రుమాలు తీసి నా తలకు చుట్టారు. ఆ రుమాలు లోంచి, అపోహలు తొలగించుకోవాలని, అందరం కలిసిమెలిసి ఉండాలని చాలా చక్కగా మాట్లాడారు. చప్పట్లు కూడా పడ్డాయి. ఆయన వెళ్ళిపోయినా రుమాలు నా మీదే ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని ఆయనకు అనిపించలేదు కాబోలు.

ఆ రుమాలు తీసింది లింగేశ్వరరావు మాస్టారు. విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టిన చప్పుడు విన్నాను. తర్వాత కాగితం విప్పిన చప్పుడు. ఆయన పెదవులు నా జాలీకి మామూలు కంటే దగ్గరగా వచ్చాయి.

"గ్రామసభలో శేషారత్నం గారి పేరు నేను చదవకూడదు, చదివాను, తప్పని తెలిసిన తర్వాత రెండోసారి కూడా చదివాను."

ఆ వాక్యం ఊరంతా విన్నది. ఆయన దాన్ని మళ్ళీ చదవడానికి ఊపిరి తీసుకునేలోపు జనం అందుకున్నారు.

"అయ్యో మాస్టారూ, మీదేం తప్పు!"

"కాగితం పెట్టినోడిది తప్పు, చదివినోళ్ళదెట్టా అవుద్ది?"

"మీలాంటి పెద్దమనిషి నోటెంట ఆ మాట రావాలా!"

చప్పట్లు కొట్టారు. చాలాసేపు కొట్టారు. క్షమాపణ చెప్పే మనిషికి చప్పట్ల కంటే పెద్ద అడ్డం ఉండదని నాకు ఆ రోజు తెలిసింది. అవి ఆగాక ఆయన, "నా తమ్ముడు భాస్కరం" అన్నారు. అక్కడ ఆగారు.

ఆయన బొటనవేలు నా మెడ మీదికి వచ్చింది. స్విచ్చి టక్కుమంది.

తర్వాత ఆయన మిగిలిన కాగితమంతా చదివారు. పెదవుల చివరతో, గొంతు లేకుండా. స్విచ్చి ఆగినా నా పొర కదలక మానదని ముందే చెప్పాను. నేను విన్నాను.

"నా తమ్ముడు భాస్కరం కామెర్లతో చనిపోలేదు. అతని జబ్బూ శేషారత్నం గారి జబ్బూ ఒక్కటే. మందు ఉందని నాకు తెలుసు. వరుసలో అతని పక్కన నేను నిలబడవలసి వస్తుందని, నేను అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. చివరి రోజుల్లో అతని గ్లాసు వేరుగా పెట్టాను. అది అతను చూశాడు. నా తమ్ముడి పేరు కాపాడానని అనుకున్నాను. కాపాడుకున్నది నా పేరు..."

ఇంకా ఉన్నాయి. ఆ వాక్యాలను ఆయన ఒక్కొక్కసారే చదివారు. నేను ఎరిగినంతలో ఆయన ఏదైనా ఒకేసారి చదవడం అదే మొదలు.

"వినపడట్లా మాస్టారూ!" అని వెనక నుంచి అరిచారు. "ఏందయ్యా మీరా, నీ డొక్కు సెట్టు మళ్ళా మూగబోయిందా?"

మీరా అడుగులు నా దగ్గరికి వచ్చాయి. అతని చెయ్యి మాస్టారి వేలి మీదుగా స్విచ్చిని తాకింది. అది ఎటు ఉందో అతనికి తెలిసింది. చెయ్యి వెనక్కి వెళ్ళింది.

"కరెంటు పోయిందిలే అన్నా, నేనేం చేసేది!" అని మీరా జనం వైపు తిరిగి అన్నాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

సభ అయిపోయి బెంచీలు లాగుతున్నప్పుడు శేషారత్నం బల్ల దగ్గరికి వచ్చింది. మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారు.

"మీరు ఆపటం నేను చూశా మాస్టారూ."

ఆయన కాగితం మడతపెట్టిన చప్పుడు వినపడింది.

"పర్లేదు. కాగితం జాగర్తగా పెట్టుకోండి. రెండోసారి చదవటం మీకు అలవాటేగా" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంది, లేదని అనను. కానీ దాని కింద ఇంకొకటి కూడా ఉంది. దానికి పేరు నాకు తెలియదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. వైరు లేని మైకులు వచ్చాయి. మీరా రెండు కొన్నాడు. నన్ను అమ్మలేదు, పారెయ్యలేదు. వైరు చుట్టి అరమీద పెట్టాడు. నెలకోసారి దించి, తల మీద కొట్టి, "హలో" అంటాడు. నేను పనిచేస్తున్నాను. ఎదురు వరండాలో మిషను తిరుగుతోంది. శేషారత్నం ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ బడులకు కూడా వెళ్ళి తన కథ చెప్పి వస్తోంది.

మాస్టారు పదవీ విరమణ చేశారు. ఈ ఊళ్ళోనే ఉన్నారు. అప్పుడప్పుడు మీరా గదికి వచ్చి కూర్చుంటారు. వాళ్ళిద్దరూ వానల గురించి మాట్లాడుకుంటారు. లేచేటప్పుడు, "ఆ పాత మైకు ఉందా మీరా?" అని ఆయన అడుగుతారు. "ఉంది మాస్టారూ, పనిచేస్తంది" అంటాడు మీరా. "సరే" అని వెళ్ళిపోతారు. ఆయన చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం చప్పుడు నాకు వినపడుతుంది.

ఆ కాగితంలో పదకొండు వాక్యాలు ఉన్నాయి. ఊరు విన్నది ఒక్కటి. మిగిలిన పది ఇంకా చదవవలసి ఉంది.